బుడ్డిగాం ప్లాటుఫారం మీద మరకలు

లోకనాథ్‌కి చిన్నప్పట్నించీ రోత ఎక్కువ. పక్కవాడి ఎంగిలి చెయ్యి తన విస్తరికి తగిలిందంటే లేచిపోయేవాడు. పెళ్లి భోజనాల్లో పులుసు జుర్రేవాళ్ల పక్కన కూర్చోవలసి వస్తే, ఆకలి లేదని చెప్పి ఇంటికొచ్చి మజ్జిగన్నం తినేవాడు. అలాంటి మనిషికి తండ్రి వదిలిపోయింది బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. బరంపురం గిరి రోడ్డులో తాతలనాటి కొట్టు. బెల్లం దిమ్మల మీద ముసిరే ఈగలు, చింతపండు బస్తాల కిందనించి కారే నల్లటి జిగురు, ఏ దిమ్మ పగలగొడితే ఏ పురుగు బయటపడుతుందో తెలియని భయం. పొద్దున్నించి సాయంత్రం దాకా వీటి మధ్యే కూర్చుని, లంజిపల్లిలో ఇంటికి రాగానే గేటు దగ్గరే చెప్పులు కడిగి, పెరటివైపు నించి బాత్‌రూములోకి వెళ్లి, ఒళ్లంతా తోముకుని గాని భార్యతో మాట్లాడేవాడు కాదు.

"ఇంట్లోకొస్తున్నారా, గుళ్లోకెల్తన్నారా?" అని కామాక్షి నవ్వేది.

నలభై ఏడో ఏట అతనికి రైలుబొమ్మల పిచ్చి పట్టింది. ఎవరూ అనుకోలేదు, అతనూ అనుకోలేదు. చిన్నప్పుడు గిరిసోల దగ్గర బుడ్డిగాంలో అమ్మమ్మగారిల్లు ఉండేది. సెలవుల్లో నీలం పెట్టెల పాసింజరెక్కి ఆ చిన్న స్టేషన్లో దిగేవాడు. ఆ నీలం పెట్టె మీద ప్రేమ లోపలెక్కడో ఉండిపోయినట్టుంది. ఒకరోజు ఫోన్లో ఏదో చూస్తూ చూస్తూ, అచ్చం ఆ నీలం పెట్టెలాంటి బొమ్మ కనపడితే తెప్పించుకున్నాడు. అట్టపెట్టె విప్పగానే ఒళ్లు ఝల్లుమంది. కిటికీ ఊచలు, పైకప్పు మీద గాలి గొట్టాలు, మెట్లు, అన్నీ ఉన్నాయి. మురిసిపోయి పెట్టెని తిరగేశాడు. చక్రాలు చూశాడు. మొహం మాడిపోయింది.

మన పెద్ద లైను పట్టాల మధ్య అయిదడుగుల ఆరంగుళాలు ఉంటుంది. దాన్ని ఆ బొమ్మ కొలతకి, అంటే డెబ్భై ఆరో వంతుకి తగ్గిస్తే ఇరవై రెండు మిల్లీమీటర్లు రావాలి. ఆ బొమ్మ చక్రాల మధ్య పదహారున్నర ఉంది. విదేశాల్లో వాళ్ల పట్టాలు ఇరుకు కాబట్టి బజారులో దొరికే పట్టాలన్నీ ఆ కొలతకే చేస్తారు. మన పెట్టెలు తెచ్చి వాటి మీదే ఎక్కిస్తారు. పైన చూస్తే మన పాసింజరు, కింద చూస్తే ఇంకెవరివో కాళ్లు. ఎదురుగా నించుని చూస్తే బానపొట్ట మనిషి రెండు మోకాళ్లూ దగ్గరకి నొక్కుకుని నించున్నట్టుంది. లోకనాథ్ పెట్టెని తిరిగి అట్టలో పెట్టేశాడు. కొట్టులో చచ్చిన ఎలకని చూసినప్పుడు ఏ మొహం పెట్టేవాడో అదే మొహం పెట్టాడని కామాక్షి తర్వాత అందరికీ చెప్పేది.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు. చెన్నైలో, హైదరాబాదులో ఇలాంటి రోత ఉన్నవాళ్లు కొంతమంది ఉన్నారని, వాళ్లు పట్టాలు తామే సొంతంగా వేసుకుంటారని, ఒక్క వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోరని తెలిసింది. వాళ్లతో ఫోన్లో మాట్లాడాడు. రాగిపూత ఉన్న బోర్డుని సన్నటి బద్దలుగా కోసి స్లీపర్లు చెయ్యడం, వాటి మీద పట్టాని పెట్టి తగరంతో అతకడం, రెండు పట్టాల మధ్య దూరం తప్పకుండా ఇత్తడి దిమ్మ పెట్టుకోవడం నేర్చుకున్నాడు. ఆ దిమ్మనీ, కొత్త చక్రాలనీ ఊళ్లో లేతు పని చేసేవాడి చేత తిప్పించుకున్నాడు. ఏమేం కావాలో అర్థం కాక ఆ లేతు మనిషి నాలుగుసార్లు తిప్పి పంపాడు గాని చివరికి బాగానే చేశాడు.

చేస్తే ఏ స్టేషను చెయ్యాలన్న ప్రశ్న అతనికి రానేలేదు. బుడ్డిగామే. ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్లి, స్టేషన్లో ఉన్న గుమస్తాని బతిమాలి, ప్లాటుఫారం పొడుగు, రేకుల షెడ్డు స్తంభాల మధ్య దూరం, టిక్కెట్ల గది కిటికీ ఎత్తు, అన్నీ కొలుచుకొచ్చాడు. ఇంటికొచ్చి లెక్క వేస్తే మేడమీద గది చాలలేదు. ఇలాంటి చోట అందరూ ప్లాటుఫారాన్ని కొంచెం కుదించేస్తారని చెన్నై వాళ్లే చెప్పారు. కుదించడం అనే మాట వినగానే లోకనాథ్ పెదవి విరిచాడు. మేస్త్రీని పిలిచి, గోడకి కన్నం కొట్టించి, పట్టాల్ని పక్క గదిలోకి పంపించాడు. పక్క గదిలో కామాక్షి ఊరగాయ జాడీలు ఉండేవి.

"ఏటండీ ఇది? రైలొస్తాదని నా ఆవకాయి లేచిపోవాలా?" అంది కామాక్షి.

"కిందకి దింపిస్తాలే."

"మనిసికి సోటు లేకపోయినా రైలుకి సోటుండాల. అంతే కదా?"

అలా అంటూనే జాడీలన్నీ తనే దగ్గరుండి దింపించింది. నిజానికి ఆవిడకి ఆ గది నచ్చింది. మొగుడు కొట్టునించి వచ్చాక చిరాకు పడకుండా కూర్చునే చోటు ఇంట్లో అదొక్కటే. ఆ గదిలో ధూళి లేదు, ఈగ లేదు, జిగురు లేదు. కిటికీకి సన్నటి జాలీ, గుమ్మానికి పరదా. లోపలికి వెళ్లేముందు చేతులు కడుక్కోవాలి. తగరం కాలిన వాసన ఒక్కటే ఉండేది. ఆ వాసన మాత్రం అతనికి రోత పుట్టించలేదు. ఎందుకో మరి.

నాలుగేళ్లు పట్టింది. బల్లలు విడివిడిగా చేసి బోల్టులతో కలిపాడు. ప్రతి స్లీపరూ తన చేత్తో కోశాడు. లైను మారే పాయింటుని చేసి, తప్పని తేలితే పీకేసి మళ్లీ చేశాడు. స్టేషను గోడకి ఇటుకలు ఒక్కొక్కటే గీశాడు. పసుపు బోర్డు మీద బుడ్డిగాం పేరు ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో భూతద్దం పెట్టుకుని రాశాడు. ఆఖరున షెడ్డు స్తంభాలకి తెల్లసున్నం రంగు వేసి, రెండు రోజులు ఆరనిచ్చి, పొట్టి కుర్చీ ఒకటి లాక్కుని, కళ్లు పట్టాల ఎత్తుకి తెచ్చి చూశాడు.

చూస్తూ కూర్చున్నాడు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. నీలం పెట్టె తన చక్రాల మీద తను హాయిగా నించుంది. అయినా కంటికి నచ్చలేదు. పుట్టినరోజు కేకు చూసినట్టుంది. తెల్లగా, తియ్యగా, జిడ్డుగా. నాలుగేళ్ల పనిని చూసి తనకే ఒళ్లు గగుర్పొడిచింది.

కామాక్షిని పిలిచాడు. ఆవిడా వంగి చూసింది.

"బాగుంది. కానీ బుడ్డిగాం కాదండి ఇది."

"ఎందుకు కాదు? కొలత చూపిస్తాను."

"కొలత కాదు. ఇక్కడ మనిసి తిరిగినట్టు లేదు. ఒక్కడంటే ఒక్కడు ఉమ్మనేదు." తనన్న మాటకి తనే నవ్వి, పొయ్యి మీద పాలున్నాయని కిందకి వెళ్లిపోయింది.

లోకనాథ్ నవ్వలేదు. ఆవిడ చెప్పింది నిజమని అతనికి వెంటనే తెలిసిపోయింది. అతను బుడ్డిగాం వెళ్లి టేపుతో కొలిచాడు గాని కళ్లతో చూడలేదు. చూడాల్సి వచ్చిన చోటల్లా తల తిప్పేసుకున్నాడు. ఫోటోల్లో కూడా స్తంభాల కింది సగం రాకుండా తీసుకున్నాడు.

మళ్లీ వెళ్లాడు. ఈసారి చూడ్డానికే వెళ్లాడు. పాసింజరు వెళ్లిపోయాక ప్లాటుఫారం ఖాళీ అయింది. మొదటి స్తంభం ముందు గొంతుక్కూర్చున్నాడు. గుట్కా ఉమ్ములు. ఊరికే ఎర్రగా ఉంటాయనుకునేవాడు. దగ్గర్నించి చూస్తే వాటిలో ఎన్నో పొరలు. నిన్నటిది ఎరుపు, పోయిన వారానిది ఇటుకరంగు, పాతది కాఫీరంగు, మరీ పాతది నలుపు. ఒకదాని మీద ఒకటి పడి, కారి, ఎండి, అట్టకట్టి ఉన్నాయి. మూలల్లో చిక్కగా, మధ్యలో పల్చగా. కొన్నిటికి ఈగలు అంటుకుపోయి ఉన్నాయి. కొళాయి కింద పాచి. పాచిలో ఎవరో పళ్లు తోముకుని ఊసిన తెల్లటి నురగ. చివర గోడ మీద దేవుళ్ల బొమ్మలున్న పలకలు అతికించారు, అక్కడ ఎవరూ నించుని ఉచ్చ పోయకూడదని. దేవుళ్లని తప్పించి, పలకకీ పలకకీ మధ్య ఉన్న ఖాళీలో పోశారు. గోడ పొడుగునా చారలు.

ఆ రోతకి అంత దగ్గరగా అతను ఎప్పుడూ వెళ్లలేదు. మొదట నోట్లో నీళ్లూరాయి. తర్వాత చెవులు వేడెక్కాయి. లేచి గబగబా నాలుగడుగులు వేసి, ఎక్కడున్నాడో చూసుకోకుండానే భళ్లున కక్కేశాడు.

"ఏటి బాబూ! ఏటి సేసీసినావు!"

ఆ కేక పెట్టింది పుణ్యవతి. ప్లాటుఫారం మీద మూడో స్తంభం దగ్గర కూర్చుని ఉడకబెట్టిన సెనగలు, దోసకాయలు అమ్ముకునే మనిషి. అతను కక్కింది సరిగ్గా ఆమె బుట్ట దించుకునే చోట. బుట్ట ఇంకా దించలేదు, అదొక్కటే నయం.

లోకనాథ్ నోరు తుడుచుకుంటూ చూశాడు. ఆ స్తంభం ఒక్కటీ నడుం ఎత్తుదాకా తెల్లగా ఉంది. దాని చుట్టూ నేల కడిగి ఉంది. ఆ కడిగిన నేల మీద అతని ఇడ్లీలు.

"పొద్దున్నే లేసి ఈ సోటు కడుక్కుంటాను. తినే సరుకు అమ్ముకుంటాను కదా మరి. రైలుదిగినోడల్లా ఉమ్మెల్తాడు. ఆళ్లు కూలోళ్లు, తాగుబోతులు, ఆళ్లకేటి తెల్దనుకుంటాను. సదూకున్నోడివి, తెల్లసొక్కా ఏసుకున్నోడివి, నువ్వూ ఇక్కడే కక్కీవాల?"

"తప్పయింది అమ్మా. కావాలని కాదు. ఆ ఉమ్ములు చూసేసరికి..."

"ఆటిని సూడ్డమెందుకు?"

"చూద్దామనే వచ్చాను" అన్నాడు.

"ఉమ్ములు సూడ్డానికి టిక్కెట్టు కొనుక్కొచ్చినావా?" పుణ్యవతి అతన్ని కిందినించి పైదాకా చూసింది. ఆ చూపు లోకనాథ్‌కి బాగా తెలుసు. కొట్టులో బస్తా కింద పురుగుల్ని చూసినప్పుడు తను చూసే చూపే. తన మీద అలాంటి చూపు పడటం అదే మొదలు. "బకెట్టు ఆ గోడెనకాతల ఉంది. కొళాయిలో నీల్లొస్తన్నాయి. ఎల్లు."

వెళ్లాడు. పాచిలో కాలు పెట్టి బకెట్టు నింపాడు. చీపురుతో తన కక్కు తనే తోసుకున్నాడు. తోస్తుంటే మళ్లీ డోకొచ్చింది, బిగబట్టుకున్నాడు. మూడు బకెట్లు పోశాక గాని పుణ్యవతి బుట్ట దించలేదు. అతను సెనగలు కొంటానంటే అమ్మలేదు. "నోరు పుక్కిలించుకుని ఇంటికెల్లు బాబూ. కడుపు కుదురుగా లేనోడికి సెనగలెందుకు" అంది.

ఇంటికొచ్చాక ఆ సంగతి కామాక్షికి చెప్పాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. "పాపం, ఆవిడ మళ్లీ కడుక్కునుంటాది మీరొచ్చీసేక" అంది. అది విని అతనికి ఇంకా సిగ్గేసింది.

మర్నాటినించి మరకలు వెయ్యడం మొదలుపెట్టాడు. అదేమంత సులువు కాలేదు. కుంచెతో వేస్తే పువ్వులు వేసినట్టొచ్చింది. పళ్లు తోముకునే బ్రష్షుని రంగులో ముంచి వేలితో చిమ్మితే కుంకం చల్లినట్టొచ్చింది. ఉమ్ము ఏ ఎత్తునించి బయల్దేరి ఎక్కడ తగులుతుందో, ఎంత దూరం కారుతుందో అతనికి తెలియదు. జన్మలో ఒక్కసారైనా ఉమ్మి ఉంటే కదా! తెలిసినవాడు మాత్రం చుట్టాల్లోనే ఉన్నాడు. కామాక్షి తమ్ముడు శివరామ్. గేటు బజారులో సెల్‌ఫోన్ల కొట్టు. ఎప్పుడు చూసినా దవడలో గుట్కా. అతని స్కూటరు గేటు దగ్గర ఆగితే లోకనాథ్ మేడెక్కేసేవాడు. అలాంటిది, తనే ఫోన్ చేసి రమ్మన్నాడు.

"బావా, నిజంగా అడుగుతున్నావా?" అన్నాడు శివరామ్, సంగతి విని.

"నిజంగానే. ఎలా ఉమ్ముతారో చెప్పు."

"సెప్పడమేటి, సూపించీస్తాను!" అని శివరామ్ ఉత్సాహంగా పెరట్లోకి నడిచాడు. జన్మలో బావ తనని ఒక విషయం అడగడం అదే మొదలు మరి. బట్టలుతికే బండ వెనక గోడ ముందు నించుని పాఠం చెప్పాడు. "సూడు. మద్దెలో ఎవడూ ఉమ్మడు. మూలకే ఉమ్ముతాం. ఎందుకో తెల్దు, మూల కనపడితే నోరు అటే తిరుగుతాది. రైలు కదిలిపోతంటే కిటికీలోంచి ఉమ్మింది ఇలాగ పక్కకి సాగుతాది. నించుని ఉమ్మింది మోకాలెత్తున తగిలి కిందకి జారతాది. సున్నం ఎక్కువేసుకున్నోడిది ముదురుగా ఉంటాది." ఒక్కొక్కటీ చేసి చూపించాడు. లోకనాథ్ ముక్కుకి తువ్వాలు కట్టుకుని, గోడకి జానెడు దూరంలో వంగి, రంగు ఆరేలోగా ఎలా మారుతోందో చూశాడు. తర్వాత శివరామ్ చేతికి బకెట్టిచ్చి గోడ కడిగించాడు. శివరామ్ కడుగుతూ, "నేను ఉమ్మింది నేను కడగడం ఇదే మొదలు బావా. యాక్, ఎంత జిడ్డుగుందో" అన్నాడు.

పల్చటి రంగు పొర మీద పొరగా వేశాడు. ఒక పొర ఆరాక రెండోది, అది ఆరాక మూడోది. కొళాయి కింద పాచి, గోడ మీద చారలు, షెడ్డు రేకుల మీద తుప్పు, పట్టాల మధ్య నల్లటి చమురు. పని చేస్తున్నంతసేపూ ఒళ్లు జలదరిస్తూనే ఉండేది. రోజూ పని అయ్యాక స్నానం చేసేవాడు, తను ముట్టుకున్నది ఉత్తి రంగేనని తెలిసి కూడా. మూడో స్తంభం మాత్రం నడుందాకా తెల్లగా ఉంచాడు. అన్నీ అయ్యాక మళ్లీ ఆ పొట్టి కుర్చీ లాక్కుని చూశాడు. ఈసారి బుడ్డిగాం కనపడింది. అమ్మమ్మగారి ఊరు. రైలు దిగగానే తాతయ్య చెయ్యి పట్టుకుని "కింద చూసి నడు" అనేవాడు. అందుకే అనేవాడా అనిపించింది.

శివరామ్ ఊరుకోలేదు. ఫోన్లో ఫోటోలు తీసి ఊరంతా చూపించాడు. ఆ ఫోటోలు తెలుగు వర్తక సంఘం ప్రెసిడెంటు వెంకటేశ్వర్లుగారి దాకా వెళ్లాయి. ఆయనకి రైసు మిల్లు ఉంది, గొంతు ఉంది, పదిమందిలో తెల్లబట్టలు వేసుకుని తిరిగే అలవాటు ఉంది. సంఘం వాళ్లు కల్యాణ మండపానికి మరమ్మతులు చేయించి పండగ చేసుకుంటున్నారు. ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. మనవాడొకడు ఇంట్లో రైల్వే స్టేషను కట్టాడంటే సంఘానికి గొప్ప కదా అని ఆయనే స్వయంగా ఇంటికొచ్చి అడిగారు. లోకనాథ్ వద్దన్నాడు. కామాక్షి, "నాలుగేళ్లు సేసేరు, నలుగురు సూస్తే తప్పేటి?" అంది. ఒప్పుకున్నాడు.

బోల్టులు విప్పి, బల్లలు జాగ్రత్తగా తీసుకెళ్లి మండపంలో మళ్లీ కలిపారు. పొద్దున్న నించీ జనం వంగి వంగి చూశారు. "అచ్చంగా ఉందిరా!" అన్నారు. పిల్లలు బోర్డు చదివారు. అంతలో వెంకటేశ్వర్లుగారు కళ్లజోడు పెట్టుకుని వంగారు. చూస్తూ చూస్తూ మొహం ముడుచుకున్నారు.

"లోకనాథం, ఏటిది? స్తంభాలకి ఈ ఎరుపేటి?"

"ఉమ్ములండి."

"ఉమ్ములా?"

"గుట్కా ఉమ్ములు. స్టేషన్లో అలాగే ఉంటాయి కదండీ."

ఆయన నిటారుగా లేచి నించున్నారు. "ఛీ ఛీ. ఇంత మంచి పని సేసి దీని మీద ఈ దరిద్రం ఎందుకు పూసేవు? ఆఫీసరు సూస్తే ఏటనుకుంటాడు? మన తెలుగోళ్లు రోతోళ్లనుకోడూ? తుడిచీ. టైముంది ఇంకా."

"తుడవడం కుదరదండి. అది రంగు."

"అయితే పైన తెల్లరంగు కొట్టీ."

"కొట్టను" అన్నాడు లోకనాథ్. అతను సంఘంలో ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. శివరామ్ దవడలో గుట్కాతోనే ముందుకొచ్చి, "ఎందుకు తుడవాల ప్రెసిడెంటుగారూ? రెండో స్తంభం మీద మూలనున్నది నాదే. సూసి ఏసేడు బావ" అన్నాడు గర్వంగా. ఎవరో నవ్వారు. వెంకటేశ్వర్లుగారు కూడా నవ్వేసి, లోకనాథ్ భుజం తట్టి, "సర్లే, సర్లే. ఎల్లి భోంచేసిరా" అన్నారు.

సంఘం భోజనం లోకనాథ్‌కి పడదు. ఇంటికెళ్లి తినొచ్చాడు. వచ్చేసరికి దూరంనించే వాసన తగిలింది. గేటుకి వేసే ఎనామిల్ రంగు వాసన.

డెకరేషను కుర్రాళ్ల చేత వేయించేశారు. గేటుకి వాడగా మిగిలిన డబ్బా, రెండంగుళాల కుంచె. స్తంభాలన్నీ మెరిసే తెలుపు. పుణ్యవతి స్తంభమూ, మిగిలినవీ ఇప్పుడు ఒక్కలాగే ఉన్నాయి. రంగు కారి ప్లాటుఫారం అంచున ముత్యాల్లా గడ్డకట్టింది. పట్టాల మీద పడింది. పాయింటులో నిండింది. గోడ చారల మీద ప్లాస్టిక్ పూలతీగ అతికించారు. స్టేషను పైకప్పు మీద థర్మకోల్ గోపురం, దాని చుట్టూ ఆరుతూ వెలుగుతూ సీరియల్ బల్బులు. పట్టాల పక్కన ఒక దూది మేఘం కూడా పెట్టారు, ఎందుకో ఎవరికీ తెలియదు.

లోకనాథ్‌కి బుడ్డిగాంలో కక్కొచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే చెవులు వేడెక్కాయి. ఆ మరకలన్నీ చూసినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. అక్కడ ఎవరో నోరాగక ఉమ్మి పోయారు. ఇక్కడ తెల్లబట్టలవాళ్లు కూడబలుక్కుని, నవ్వుతూ, అతను లేని సమయం చూసి పూశారు. రంగు ఇంకా పచ్చిగా ఉంది. వేలితో ముట్టుకుంటే దారంలా సాగింది.

ఆఫీసరొచ్చాడు. బల్బులు చూసి, "భారి సుందర హెయిచి" అన్నాడు ఒడియాలో, చాలా అందంగా ఉందని. ఫోటోలు తీయించుకున్నాడు. రైలు నడిపించమన్నాడు. లోకనాథ్ కదలకపోతే శివరామే మీట తిప్పాడు. నీలం పెట్టెలు నాలుగు బయల్దేరి పాయింటు దగ్గరకొచ్చి, పచ్చిరంగులో కూరుకుని, పక్కకి ఒరిగి పడిపోయాయి. జనం గొల్లుమన్నారు. "లేటవుతుందనుకుంటే యాక్సిడెంటే అయింది!" అని ఎవరో అన్నారు. వెంకటేశ్వర్లుగారు ఆఫీసరు చెయ్యి పట్టుకుని భోజనాల వైపు తీసుకుపోయారు.

లోకనాథ్ పడిన పెట్టెల్ని ఒక్కొక్కటే లేవనెత్తాడు. చక్రాలకి తెల్లరంగు. తన చేతులకి తెల్లరంగు. బోల్టులు విప్పుతుంటే వెంకటేశ్వర్లుగారి మనిషి వచ్చి, సాయంత్రం దాకా ఉంచమన్నాడు. లోకనాథ్ తలెత్తలేదు. శివరామ్ ఒక చివర, కామాక్షి ఒక చివర పట్టుకున్నారు. మండపం మెట్లు దిగుతుంటే మూలల్లో ఎర్రటి మరకలు కనపడ్డాయి, కొత్తగా వేసిన సున్నం మీద. లోకనాథ్ వాటిని చూశాడు. రెండు తాజావి, ఒకటి నిన్నటిది. అంతే చూసి దిగిపోయాడు.

ఆ తర్వాత సంఘానికి వెళ్లడం మానేశాడు. బల్లల్ని అలాగే మేడగదిలో పెట్టించి, అటు వెళ్లడమూ మానేశాడు. వానలు వచ్చి వెళ్లాయి. ఒకరోజు కామాక్షి ఏదో వెతుక్కుంటూ ఆ గది తలుపు తీసి, అక్కణ్నించే కేకేసింది.

"ఏటండీ, ఒకపాలి పైకి రండి."

స్టేషను గోడ అతికిన జిగురుకి చీమలు పట్టాయి. గోపురంలో బొద్దింకలు గుడ్లు పెట్టాయి. థర్మకోల్ కొరికి ఎలక గూడు కట్టి, అందులో గులాబిరంగు పిల్లల్ని పెట్టింది, ఇంకా కళ్లు తెరవనివి. ప్లాటుఫారం నిండా నల్లటి గింజల్లా ఎలక పెంటికలు. ఆ ఎనామిల్ వాసన ఇంకా పోలేదు, దాంట్లో ఎలకల ఉచ్చ వాసన కలిసింది.

"ఇదిగో, నాకు మీ అంత రోత లేదు. నాకే కడుపులో తిప్పుతోంది" అంది కామాక్షి. "ఉంచితే బాగుసెయ్యండి. లేకపోతే అవతల పారీండి. ఇలాగ మాత్రం ఉండకూడదు."

లోకనాథ్ తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పనిలోకి దిగారు. గూడుని చేటలో ఎత్తి పెరటి గోడవతల పెట్టొచ్చింది కామాక్షి. అతను రంపం తెచ్చి ప్లాటుఫారాన్ని మొత్తం కోసి తీసేశాడు. గోపురం, తీగలు, దూది అన్నీ గోనెసంచిలోకి పోయాయి. పాయింటులో రంగుని సూదితో గీకి గీకి తీయడానికి వారాలు పట్టింది. పట్టాలు మాత్రం దక్కాయి.

కొత్త ప్లాటుఫారానికి కొలతలు ఉన్నాయి. అయినా ఒకసారి చూసొద్దామని బుడ్డిగాం వెళ్లాడు. వెళ్లి నివ్వెరపోయాడు. స్తంభాలన్నిటికీ నడుందాకా ముదురు ఎర్రటి గోధుమరంగు వేసేశారు, పైన లేత పసుపు. మరకలు కనపడవు. ఉమ్ము ఏ రంగులో ఉంటుందో ఆ రంగే ఎంచి వేశారు.

పుణ్యవతి అతన్ని గుర్తుపట్టింది. "మళ్లీ వొచ్చినావా? ఇయాల కడుపు బాగుందా?"

"బాగుంది. ఈ రంగేమిటమ్మా?"

"ఏసీసేరు కంట్రాటరోళ్లు. మరక కనపడదంట. కనపడదని ఇంకా ఎక్కువ ఉమ్ముతన్నారు. ఒకపాలి సెయ్యి పెట్టి సూడు." ఆమె పక్క స్తంభాన్ని చూపించింది. అతను చెయ్యి పెట్టలేదు. కళ్లు దగ్గరగా పెట్టి చూశాడు. రంగు మీద రంగు, తడితడిగా, మెరుస్తూ. "నాకు కడగడం తప్పిందా? తప్పనేదు. కడిగినా కడిగినట్టు అవుపడదు, అదొక్కటే. ఎవడికీ తెల్దు నేను కడిగినానని."

ఆ రోజు ఆమె సెనగలు అమ్మింది. అతను తిన్నాడు. ప్లాటుఫారం మీద నించుని, జన్మలో మొదటిసారి.

చెన్నై వాళ్లు ఒక మాట చెప్పేవారు. స్టేషను కడితే ఏ ఏడాదిదో ముందు తేల్చుకోవాలి, ఆ ఏడాదిలో ఉన్నదే పెట్టాలి. ఇప్పటి బుడ్డిగాం కడితే పని చాలా తేలిక. ఒక్క డబ్బా గోధుమరంగు చాలు, ఒక్క మరకా వెయ్యక్కర్లేదు. లోకనాథ్‌కి ఆ డబ్బా తలుచుకుంటేనే నోట్లో చేదు ఊరింది. పాత ఏడాదే ఉంచుకున్నాడు. మళ్లీ మొదటినించీ పొరమీద పొర వేశాడు. శివరామ్‌ని మళ్లీ పిలవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఎవరైనా చూస్తామంటే ఇంటికి రమ్మంటాడు. కాళ్లు కడుక్కుని మేడెక్కాలి. మొన్న కామాక్షి పిన్నికూతురు అరుణ ఇచ్ఛాపురంనించి వచ్చింది. రైలు నడుస్తుంటే కుర్చీలో వంగి చూస్తూ, తనకి తెలియకుండానే పమిట చెంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గదిలో వాసనేం లేదు. లోకనాథ్ అది చూశాడు. ఆ రోజంతా హుషారుగా ఉన్నాడని కామాక్షి చెప్పింది.

స్టేషను వెనకాల ఒక మురికికాలవ ఉంది. కొలతలతో అతను గీసుకున్న పటంలో అదీ ఉంది, బల్ల మీద దానికి చోటూ వదిలాడు. చెయ్యాలంటే వెళ్లి, ఒడ్డున కూర్చుని, అందులో ఏముందో చూడాలి. కామాక్షి రెండుసార్లు గుర్తుచేసింది. వచ్చే ఆదివారం అంటున్నాడు.